కొలిమి తిత్తి, ఊపిరి తిత్తి

ఆ కబురు నాకు ముందుగా తెచ్చింది మా మనుమరాలు సాహితి. బడి నుంచి వచ్చి, వీపు మీది సంచి కూడా దించకుండా, చెప్పులు చెరొక దిక్కుకు విసిరేసి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది: "బాపమ్మా, సోమారం నువ్వు మా బడికి రావాలె. పొగ తాగొద్దని చెప్పే క్లాసట. మీ ఇండ్లల్ల బీడీలు చేసినోళ్లు ఎవరన్న ఉన్నరా అని టీచర్ అడిగితే నేనొక్కదాన్నే చెయ్యి లేపిన."

"నేనేం జెప్తనే? నేను బడి మొఖమే చూడకపోతి" అన్నాను.

"గందుకే మంచిది. నీకు నోట్స్ చెప్పుడు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తవు" అని సంచి నా ఒడిలో పడేసి లోపలికి ఉరికింది.

అప్పుడు నేను వరండాలో కూర్చుని పాత చాటను పొడిగుడ్డతో తుడుస్తున్నాను. సిద్దిపేటలో మూడు రోజులుగా విడవని ముసురు. ఈ చాట మా అవ్వది, అంటే మా అమ్మది. గాలి పొడిగా ఉన్నన్నాళ్లు మామూలు చాటలాగే బియ్యం చెరుగుతుంది, బతుకమ్మ నాడు తంగేడు పూలు మోస్తుంది, ఎవరూ దాన్ని అనుమానించరు. ముసురు పట్టి గాలి తడిసిందో లేదో, దాని వెదురు బద్దల సందుల్లోంచి సన్నగా తంబాకు వాసన లేస్తుంది, దాని వెనకే తడిసిన తునికాకు వాసన. ఎన్నిసార్లు కడిగినా, ఎన్నిసార్లు పేడతో అలికి ఎండబెట్టినా పోలేదు. మా కోడలు కొత్త చాట తెచ్చిపెట్టింది కూడా. దాన్నీ వాడతాను, దీన్ని మాత్రం పారేయను. నేను తిన్న అన్నం వాసన ఇది. నాకు అక్షరాలు వచ్చింది కూడా ఈ చాటలోనే.

మా ఊరు దుబ్బాకకు కూతవేటు దూరం. మా వాడంతా నేతవాళ్లం. పొద్దున లేస్తే మా ఇంట్లో రెండు చప్పుళ్లు వినబడేవి: లోపలి అర్రలో గుంట మగ్గం మీద బాపు, మా నాయిన, తువ్వాళ్లు నేస్తున్న టకటక, ముందరి అరుగు మీద అవ్వ కత్తెరతో తునికాకు కత్తిరిస్తున్న కిసకిస. రాత్రి నానబెట్టిన ఆకును తడి గోనెలో చుట్టి ఉంచేవాళ్లం. పొద్దున గోనె విప్పితే అడవి మొత్తం మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నట్టు పచ్చి వాసన. వాడలోని ఆడవాళ్లు ఎవరి చాట వాళ్లు ఒడిలో పెట్టుకుని మా అరుగు మీదికే చేరేవారు, ఎందుకంటే నీడ మాది, మాటకారి మా అవ్వ. రేకు ముక్క కొలతగా పెట్టి ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం, ఈ మూడూ అయ్యేలోపల ఒక అత్త కథ సగం, ఒక కోడలు కథ సగం అయిపోయేవి. వానకాలం ఆకు మెత్తగా చెప్పినట్టు వినేది, పక్కనే నిప్పుల మీద మక్క కంకులు కాలేవి, అవ్వ మనసు బాగుంటే మక్క గారెలు చేసేది. చలికాలం వేళ్లు పగిలి ఆ పగుళ్లలోకి తంబాకు దిగి మండేది. ఎండాకాలం ఆకు అప్పడంలా పెళుసయ్యేది, దాని గోనె మీద నీళ్లు చల్లి చల్లి, మిగిలిన నీళ్లు మేం తలమీద పోసుకుని, మామిడికాయ తొక్కుతో అంబలి తాగేవాళ్లం. బతుకమ్మ వచ్చిందంటే వాడలోని చాటలన్నీ కడిగి పూలకు ఇచ్చేసేవాళ్లం. ఎంత కడిగినా సద్దుల నాటి రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దల్లో కూడా ఆ ఘాటు తగిలేది. "మన వాడ గౌరమ్మ తుమ్ముకుంట పోతది" అని బాపు నవ్వేవాడు.

ఆటలంటే కచ్చకాయలు, వామనగుంటలు అందరికీ ఉన్నవే. మా వాడ పిల్లలకు మాత్రమే ఒక ఆట ఉండేది, దాని పేరు తాతలాట. చాటల కింద రాలిన ఆకు తుంపులను చుట్టి నోట్లో పెట్టుకుని, తువ్వాల తలకు చుట్టి, అరుగంచున కూర్చుని దగ్గాలి. బాగా దగ్గినవాళ్లు తాత, మిగతావాళ్లంతా తాత చెప్పినట్టు వినాలి. దగ్గు ఎలా ఉండాలో మాకు కొలత కూడా ఉంది: కమ్మరి బ్రహ్మయ్య తాత దగ్గు. కింది నుంచి లేచి, మధ్యలో ఆగి, కూతపెట్టి, కండ్లలో నీళ్లు తెప్పించి విడిచిపెట్టే దగ్గు. మనుషులకు మీసం వచ్చినట్టే వయసు మళ్లితే దగ్గు వస్తుందని మేం అనుకునేవాళ్లం. అది ఎక్కడి నుంచి వస్తుందో, మా చాటలకూ దానికీ చుట్టరికం ఉందనీ మాకు ఎవరూ చెప్పలేదు.

నన్ను బడికి పంపలేదు. అవ్వ చాటకు తోడు ఇంకో చెయ్యి కావాలి, నేను పెద్దదాన్ని. దానికి నాకు ఇప్పుడు కూడా ఎవరి మీదా కోపం లేదు. ఎందుకంటే దేవుడు నన్ను బడికి పంపకపోయినా బడినే మా ఇంటికి పంపాడు. మా ముందరి అర్ర కిరాయికి తీసుకున్న సుశీల టీచరమ్మ ఊరి బడిలో చెప్పేది. పొద్దుమూకే వేళ మా అరుగు మీద కూర్చుని, నేను తంబాకు ఆరబోస్తుంటే నా వేలు పట్టుకుని, చాటలో పల్చగా పరచిన ఆ పొడి మీదే 'అ' దిద్దించింది. తప్పు పోతే చాటను ఒక్కసారి కదిపితే చాలు, పలక తుడిచినట్టే. అలా నాకు యాభై ఆరు అక్షరాలూ వచ్చాయి, తుమ్ములతో సహా.

ఇక బీడీ ముట్టించడం. ఇది చెప్పడానికి ఇప్పటికీ నా నోరు తడబడుతుంది, అప్పుడు మాత్రం అది మంచినీళ్లు తెచ్చివ్వడమంత మామూలు పని. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే లేవడం కష్టం. "రాజీ, గిది ముట్టించుక రా బిడ్డా" అని లోపలి నుంచి కేకేసేవాడు. నేను బీడీ తీసుకుని పొయ్యి దగ్గరికి ఉరికి, నిప్పు కొనకు ఆనించి, ఆరిపోకుండా ఒక్క దమ్ము లాగి, అరచేయి అడ్డం పెట్టుకుని తెచ్చిచ్చేదాన్ని. ఏడేండ్లకే నాకు ఆ విద్య వచ్చింది. అవ్వ "ఆరిపోకముందే ఉరుకు" అనేది కానీ, వద్దని ఎన్నడూ అనలేదు. వద్దనాలని ఆమెకు తెలియదు.

ఆ బీడీలు ఎక్కడివో కూడా చెప్పాలి. అవ్వ చేసినవి కార్ఖానాకు పోయేవి. అక్కడ వంకర పోయినవి, మూతి సరిగ్గా మడవనివి తీసి పక్కన పడేస్తే, అవి మళ్లీ మా ఇంటికే వచ్చేవి. వంకరవి చాలావరకు నావే. నా వేళ్లు అప్పటికింకా కుదరలేదు. బాపు వాటిని దొంతిగా మగ్గం పక్క గూట్లో పెట్టుకుని, "పారేసుడెందుకు, నా బిడ్డ చేసిన బీడీ" అని ముచ్చటగా కాల్చేవాడు. నేను మురిసిపోయేదాన్ని.

ఒక ముసురు సాయంత్రం టీచరమ్మ పుస్తకం ముందేసుకుని తనలో తానే చదువుకుంటోంది. ఎల్లుండి బడి పిల్లలకు పొగ గురించి పాఠం చెప్పాలట. "బీడీ తాగినోళ్లకు లోపల విషం పేరుకుంటది" అని పైకి అంది. అరుగు మీది చేతులన్నీ ఒక్కసారి ఆగాయి. మా అవ్వ దారం పండ్లతో తెంపుతూ, "టీచరమ్మా, మా అరుగు మీద కూసోని మా పొట్ట మీదనే కొడ్తవా?" అంది. అందరూ నవ్వారు, టీచరమ్మ కూడా నవ్వి ఏదో బదులు చెప్పింది. ఏం చెప్పిందో నేను వినలేదు, అవ్వ నన్ను నీళ్ల బిందెకు తరిమింది. నా చెవిన పడ్డది రెండే మాటలు. బీడీ తాగితే. లోపల విషం.

నీళ్లు మోసుకొస్తూ నేను ఆలోచించాను. తాగితే. మజ్జిగ తాగితే ఎక్కడికి పోతుంది? కల్లు తాగితే ఎక్కడికి పోతుంది? బీడీ కూడా తాగేదే కదా, అయితే అదీ కడుపులోకే పోతుంది. మరి కడుపులో చెడు ఉంటే ఏం చేయాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏటా తొలకరికి ముందు అవ్వ మా ముక్కులు మూసి ఆముదం పోసేది, సాయంత్రానికి కడుపు కడిగిన కుండలా అయ్యేది.

మరునాడు పగటి కూట్లోకి అవ్వ పచ్చిపులుసు చేసింది. ఆమె ఉల్లిగడ్డ కోసుకురావడానికి లోపలికి పోయిన సందులో బాపు గిన్నెలో నేను ఆముదం పోశాను. ఎంత పోశానో దేవుడికే తెలుసు. పెద్ద మనిషి, ఎక్కువ విషం, ఎక్కువ ఆముదం, నా లెక్క అది.

"పులుసేందో జారుడు జారుడుగ ఉన్నది" అన్నాడు బాపు.

"జారితే మింగు, మల్ల వొర్రకు" అంది అవ్వ.

ఆ పూట మా మగ్గం చప్పుడు ఆగిపోయింది. బాపు చెంబు పట్టుకుని చేనుకు పోవడం, రావడం, అరుగు ఎక్కకముందే మళ్లీ తిరిగి పోవడం. చేన్ల తోవలోనే బ్రహ్మయ్య తాత కొలిమి. నాలుగోసారి పోతుంటే తాత సుత్తె ఆపి అడిగాడట, "ఏంది నర్సయ్యా, పగటిసంది చేన్లకు తిరుగుతనే ఉన్నవు, దున్నుతున్నవా, ఇత్తనాలు ఏస్తున్నవా?" అని. బాపు పోయి వచ్చినప్పుడల్లా నేను గూట్లోని దేవుడి పటానికి ఒక దండం పెట్టాను. ఇంకొంత విషం పోయిందని.

పొద్దుగుంకే వేళకు బాపు వాడిపోయిన మొఖంతో అరుగు మీద చతికిలబడి, మొదటి మాటగా అన్నాడు: "రాజీ, గా బీడీ ముట్టించుక రా బిడ్డా."

నాకు ఏడుపు ఆగలేదు. "గంత కష్టపడి బయటికి పంపితే మల్ల తాగుతవా?" అని బావురుమన్నాను. అంతే, గుట్టు రట్టయింది. అవ్వ చీపురు కట్ట అందుకుంది. బాపు కోపం చేయలేదు, నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు, ఆ దగ్గు ఎంతకూ ఆగలేదు. మా నవ్వులే ముందు ఆగాయి. టీచరమ్మ తన అర్రలో నుంచి వచ్చి నిలబడింది. బాపు నీళ్లు తాగి తేరుకున్నాక ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, "పొగ కడుపులకు పోదు రాజీ. ఊపిరితిత్తులల్లకు పోతది. మీ అవ్వకు నిన్న గదే చెప్పిన, నేను చెప్పేది పొట్ట సంగతి కాదక్కా, ఛాతి సంగతి అని" అంది.

ఊపిరి తెలుసు. తిత్తి కూడా తెలుసు. రెండూ ఒక్క మాటగా వినడం అదే మొదలు. "తిత్తా? బ్రహ్మయ్య తాత కొలిమి తిత్తి అసొంటిదా?" అని అడిగాను.

టీచరమ్మ నా తల నిమిరింది. "అసొంటిదే. పుస్తకంల బొమ్మ కూడ లేదు నా దగ్గర. రేపు అందరం గాడికే పోదాం" అంది.

మరునాడు బడి పిల్లలంతా వరసగా, వాళ్ల వెనక మా అరుగు ఆడపిల్లలం నలుగురం, కొలిమికి పోయాం. బడి పిల్లలతో కలిసి నేను నడిచింది ఆ ఒక్కరోజే. బొగ్గు పొగ, కాలిన ఇనుము, నీళ్ల తొట్టిలో ముంచిన కర్రు వాసన. బ్రహ్మయ్య తాత చెవి సందున బీడీ, మోకాళ్ల మీద చేతులు.

"ఏంది పంతులమ్మా, ఇందరికి కొడవండ్లు కావాలెనా? కోతలకు ఇంక యాళ్లుంది గద."

"కొడవండ్లు కాదు తాతా, పాఠం కావాలె. నీ తిత్తి చూపియ్యి."

తాతకు అది గొప్ప మర్యాదగా తోచింది. ఎదురు బల్ల దులిపి టీచరమ్మను కూర్చోమన్నాడు. తిత్తి గొలుసు గుంజి, తోలు సంచి ఉబ్బడం, అణగడం, దాని మూతి నుంచి గాలి పోయి బొగ్గులు ఎర్రబారడం చూపించాడు. పిల్లలందరితో ఒక్కొక్కసారి గుంజించాడు. "మీ లోపట గిట్లాంటియే రెండున్నయి. నిద్రపోయినా ఆగయి" అని టీచరమ్మ చెప్పింది. తాత తిత్తి మూతి ఊడదీసి లోపల పట్టిన మసి చూపించాడు. తోలు పగిలిన చోట వేలు పెట్టి, "గీడ చిల్లి వడ్డదనుకో, ఎంత గుంజినా నిప్పు లేవది. కూత వెడ్తది గంతే" అని చిల్లి మీది వేలు తీసి గుంజాడు. తిత్తి ఈలలా సన్నగా కూతపెట్టింది.

అప్పుడు నేను అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోరు జారింది. "తాతా, నీ దగ్గు గూడ గట్లనే కూత వెడ్తది గద."

టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. మా తాతలాట ఎవరి దగ్గు చూసి ఆడేవాళ్లమో ఆ పిల్లలందరికీ తెలుసు, ఒకరిద్దరు తల దించుకున్నారు. బ్రహ్మయ్య తాత నన్ను చూశాడు, తిత్తిని చూశాడు, చెవి సందులోని బీడీ తీసి అరచేతిలో పెట్టుకుని దాన్ని కూడా చూశాడు.

"నర్సయ్య బిడ్డవు గదా నువ్వు? ఆముదం పోసినదానివి" అన్నాడు. "నిజమే చెప్పినవు తియ్యి. గీ తిత్తికి చిల్లి వడితే నేను తోలు ఏస్త. నా తిత్తికి ఏసెటోడు యాడున్నడు?"

అని, అంగీ విప్పాడు. బొగ్గు పొడి, చెమట చారలు పట్టిన వీపు, ఎముకలు లెక్కపెట్టొచ్చు. మా వైపు వీపు తిప్పి బల్ల మీద కూర్చున్నాడు. "పంతులమ్మా, బొమ్మ లేదంటివట గద. గిదే నీ బొమ్మ అనుకో. రాండ్రి పోరగాండ్లు, ఒక్కొక్కలు చెవి వెట్టి వినుండ్రి. తోసుకోకుండ్రి, నేనేం ఉరుకుత లేను."

ఒక్కొక్కరే పోయారు. పెద్ద తరగతి పిల్లలు సిగ్గుపడుతూ, చిన్నవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని. తాత ప్రతి ఒక్కరికీ ఊపిరి గుంజి విడిచాడు, మధ్యలో దగ్గు వస్తే చెయ్యి ఎత్తి ఆగమని, తేరుకుని మళ్లీ గుంజాడు. నా వంతు వచ్చింది. వేడిగా ఉన్న ఆ వీపు మీద చెవి ఆనించాను. లోపల గాలి ఇరుకు సందులో చిక్కుకుని తోవ వెతుకుతున్నట్టు, దూరంగా ఎక్కడో పిల్లికూనలు అరుస్తున్నట్టు ఉంది.

ఆ చప్పుడు నాకు తెలుసు.

చిన్నప్పటి నుంచి జాతర్లకు, పెండ్లిండ్లకు బాపు నన్ను వీపున ఎక్కించుకుని నడిచేవాడు. అలసి అతని వీపు మీదే తల వాల్చి నిద్రపోయేదాన్ని. అప్పుడు లోపలి నుంచి ఇంత పెద్దగా కాకపోయినా ఇదే చప్పుడు వినబడేది. మగ్గం ముందు కూర్చుని కూర్చుని, దాని చప్పుడు కొంత బాపు ఒంట్లోకి ఎక్కిందనుకునేదాన్ని. నేతవాళ్ల బిడ్డలందరికీ వాళ్ల బాపుల వీపులు అలాగే పాడతాయనుకునేదాన్ని. ఆ పాట అంటే నాకు ఇష్టం.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. వచ్చేసరికి లోపలి నుంచి కేక: "రాజీ, గిది ముట్టించుక రా బిడ్డా."

"నేను తేను."

మగ్గం ఆగింది. అవ్వ "ఏందే, పెద్దలకు ఎదురు చెప్తవా? గిదేనా టీచరమ్మ నేర్పింది?" అని లేచింది. నేను మగ్గం గుంట దాకా పోయి, బాపు వెనక మోకాళ్ల మీద కూర్చుని, అతని వీపుకు చెవి ఆనించాను. "ఊపిరి గుంజు" అన్నాను. ఏం తమాషానో అనుకుని గుంజాడు. నేను విన్నాను. "బ్రహ్మయ్య తాతకు లెక్కనే ఉన్నది. ఆయనది పెద్దగ, నీది సన్నగ" అన్నాను. ఆ తరువాత అసలు మాట వచ్చింది: "గవి నేను చేసిన బీడీలే గదా బాపూ?"

బాపు గుంటలో నుంచి లేచి, తువ్వాల భుజాన వేసుకుని, కొలిమి దిక్కు నడిచాడు. అక్కడ ఏం జరిగిందో నాకు పెండ్లయ్యాక చెప్పాడు. బ్రహ్మయ్య తాత ఏమీ బోధించలేదట. గొలుసు చేతికిచ్చి "గుంజు నర్సయ్యా" అన్నాడట. ఒక కొడవలి కాగే లోపలే బాపుకు ఆయాసం వచ్చి కూర్చున్నాడు. తాత పక్కనే కూర్చుని, "నాకు యాళ్ల దాటిపోయింది. నీకు దాటలే. బీడీ యాదికొచ్చినప్పుడల్ల గీడికి రా, నీ చేతికి గొలుసిస్త" అన్నాడట.

అలా మా బాపు మగ్గం మీద నుంచి లేచి రోజుకు నాలుగైదు సార్లు కొలిమికి నడిచేవాడు. "సాలోనికి కమ్మరి పని దొరికింది" అని వాడంతా వెక్కిరించింది. దసరా నాడు జమ్మి పెట్టుకుని, ఒకరినొకరు హత్తుకుని అలాయ్‌బలాయ్ తీసుకుంటుంటే ఎవరో బీడీ ఇచ్చారు, బాపు కాదనలేకపోయాడు, మళ్లీ వారం రోజులు కాల్చాడు. బ్రహ్మయ్య తాత తిట్టలేదు. బాపు చెయ్యి పట్టుకుని తన వీపు మీద పెట్టుకున్నాడట, అంతే. ఆ తరువాత మా ఇంటి గూట్లో బీడీ లేదు. అవ్వ మాత్రం తక్కువ తిన్నదా? ఎన్నడూ పైకి ఏమీ అనకుండా, కార్ఖానా నుంచి తిరిగి వచ్చిన వంకర బీడీలను విప్పి, ఆకు ఆకుగా, తంబాకు తంబాకుగా వేరుచేసి, మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. తంబాకు పొడికి ముక్కుకు కొంగు కట్టుకోవడం కూడా అప్పుడే మొదలైంది. అవి ఇంకెవరి గూట్లోకి పోతాయో మాకు తెలియక కాదు. పొట్ట సంగతి, ఛాతి సంగతి రెండూ మా అరుగు మీదే పక్కపక్కన కూర్చున్నాయి. ఆ రెంటినీ విడదీసే బలం మాకు లేదు. దేవుడి ముందు నేను దీపం పెట్టినప్పుడు ఆ తప్పు కూడా చెప్పుకుంటాను, ఆ అన్నానికి దండం కూడా పెడతాను.

బ్రహ్మయ్య తాత బీడీ మానాడో లేదో నాకు తెలియదు. చెవి సందున మాత్రం తరువాత నేను చూడలేదు. ఆ చలికాలంలో టీచరమ్మ పిల్లలను మళ్లీ తీసుకుపోయింది. అప్పటికి సుత్తె పక్కనపెట్టి కుక్కి మంచంలో ఉన్నాడు. "పాఠం యాళ్లయిందా పంతులమ్మా?" అని తానే లేచి కూర్చుని, తానే అంగీ విప్పుకున్నాడట. ఎండలు ముదరకముందే పోయాడు. పాడె మోసినవాళ్లలో మా బాపు ఉన్నాడు. దారిలో భుజం మార్చుకోమని ఎవరో ముందుకొస్తే వద్దని తల ఊపి, ఆగకుండా, ఊరి చివరి దాకా మోశాడు. ఆడవాళ్లలో నిలబడి చూస్తున్న అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆయాసం రాలే చూసినవా" అని నాకు మాత్రమే వినబడేలా అంది. మా బాపు ఆ తరువాత నా పెండ్లి చేశాడు, నా కొడుకును వీపున మోశాడు, వాడి పెండ్లిలో అలాయ్‌బలాయ్ తీసుకున్నాడు. ఆ ఏండ్లన్నీ నాకు దానంగా వచ్చినవి. ఇచ్చినవాళ్ల పేర్లు నాకు తెలుసు కాబట్టి రోజూ చెప్పుకుంటాను.

సోమవారం నాడు చాట పట్టుకుని సాహితి వెంట బడికి పోయాను. గోడ మీద పెద్ద తెర, దాని మీద ఊపిరితిత్తుల బొమ్మ, రంగులు ఎంత బాగున్నాయంటే మా టీచరమ్మ చూస్తే కండ్లనీళ్లు పెట్టుకునేది. పిల్లలు బుద్ధిగా చూస్తున్నారు, కొందరు ఆవలిస్తున్నారు. పొయ్యిలో బీడీ ముట్టించి తెచ్చినవాళ్లు ఎవరన్న ఉన్నరా అని అడిగాను. ఒక్క చెయ్యి లేవలేదు. పొయ్యిలో నిప్పు ఎందుకుంటదని ఒక పిల్ల అడిగింది. నా ఒంట్లోంచి పెద్ద బరువు దిగినట్టు అనిపించింది. పోయినవాటన్నిటికీ నేను ఏడవను, కొన్ని పోయినందుకు దండం పెట్టుకుంటాను.

కథ చెబుతూ చెబుతూ తిత్తి దగ్గర ఆగిపోయాను. "తిత్తంటే ఏంది బాపమ్మా?" అని నలుమూలల నుంచి. ఎలా చూపించను? బ్రహ్మయ్య తాత కొలిమి ఉన్న జాగలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. మా గుంట మగ్గం పూడ్చి బండలు పరిచారు. కొడవండ్లు బజార్లో వరసగా వేలాడుతుంటాయి, వాటిని కాచిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. ఊపిరితిత్తులు అనే మాట ఇంకా ఉంది, అందులోని తిత్తి మాత్రం లోకంలో లేకుండా పోయింది.

"సరే, పక్కపక్కన ఉన్నోళ్లు ఒకల ఈపు మీద ఒకలు చెవి వెట్టుండ్రి" అన్నాను. గది అంతా నవ్వులు, చక్కిలిగింతలు, తరువాత మెల్లగా నిశ్శబ్దం. సాహితి వచ్చి నా వీపుకు చెవి ఆనించింది. "ఏం వినొస్తుందే?" "ఏం లేదు బాపమ్మా. ఉత్త గాలి."

ఉత్త గాలి. ఆ మాట ఎంత గొప్పదో అది ఇంకా పెద్దయితే తెలుస్తుంది.

క్లాసు అయిపోయి పిల్లలు పోతుంటే, సందడి తగ్గాక చివరి బెంచీ నుంచి ఒక ఆడపిల్ల వచ్చి, చాట అంచు పట్టుకుని నిలబడింది. "మా డాడీది కూత వెడ్తది" అంది, ఎవరూ వినకుండా.

"ఇయ్యాల ఇంటికి వోయి ఈపు మీద చెవి వెట్టు బిడ్డా. ఏం తిట్టకు. విన్నది విన్నట్టు చెప్పు" అన్నాను. అది తల ఊపి వెళ్లిపోయింది. ఆ రాత్రి పూజలో ఆ పిల్ల పేరు తెలియక, 'చాట పట్టుకున్న బిడ్డ' అని చెప్పుకున్నాను.

ఇది చదివినవాళ్లను ఒక్కటే అడుగుతాను. మీ పిల్లలు మీ వీపు మీద వాలి నిద్రపోయినప్పుడు, లేదా మీరే మీ నాయిన వీపుకు ఎన్నడన్నా చెవి ఆనించినప్పుడు, లోపల ఉత్త గాలే వినబడితే, కమ్మరి బ్రహ్మయ్యను ఒక్కసారి యాది చేసుకోండి. బొమ్మ లేని బడికి తన వీపునే బొమ్మగా ఇచ్చినవాడు. దగ్గు మధ్యలో చెయ్యి ఎత్తి ఆగమని, తేరుకుని, వరసలో నిలబడ్డ ఆఖరి పిల్ల దాకా ఊపిరి గుంజినవాడు.